చేతులెత్తుట, చేతులు కడుగుకొనుట

(ధ్యానమునకు చదువవలసిన భాగము: మొదటి రాజుల గ్రంథము 22వ అధ్యాయము)

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామమున్నది. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ యూరివారనేకులు సైన్యములో చేరి దూరదేశములకు పోయిరి. అందుచేత జనులు దానిని మిలటరీ మాధవరమని పిలుచుచుందురు. మన సంఘములలో కూడ తాతయో, అన్నయో, కుమారుడో పటాలములో చేరిన కుటుంబములు కలవు. ఆదివారపు ఆరాధనలో, సరిహద్దు నున్న తన బిడ్డకొరకు ఒక తల్లి కన్నీటితో చేయు ప్రార్థనకు మనమందరము ఆమేన్ అనుచున్నాము.

ప్రియులారా, ఆ తల్లితోకూడ మోకరించు మనము ఒక ప్రశ్నను అడుగవలసియున్నాము. ఆమె బిడ్డను పరదేశమునకు యుద్ధమునకు పంపునది ఎవరు? ఏ అధికారముచేత పంపుదురు? ఆ పంపుట తప్పయిన యెడల, అచ్చట చిందిన రక్తమునకు లెక్క అప్పగింపవలసిన వారెవరు? ఇది ఢిల్లీలోని పెద్దలకు మాత్రమే తగిన ప్రశ్న యని కొందరు తలంచవచ్చును. మేమట్లు తలంచుట లేదు. ఆ పెద్దలకు ఓటు వేయుచున్నది మనమే గదా!

మొదట మన దేశములో జరిగిన ఒక సంగతిని జ్ఞాపకము చేసికొందము. 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను జర్మనీమీద యుద్ధము ప్రకటించెను. ఆ దినముననే వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు ఇండియా కూడ యుద్ధములో నున్నదని ప్రకటించెను. అప్పుడు ఢిల్లీలో కేంద్ర శాసనసభ యుండెను. అనేక ప్రాంతములలో ప్రజలెన్నుకొన్న మంత్రివర్గము లుండెను. వారిలో ఎవరినిగాని ఆయన అడుగలేదు. ఇందుకు నిరసనగా, మదరాసులోని రాజగోపాలాచారిగారి మంత్రివర్గముతో సహా, కాంగ్రెసు మంత్రివర్గములు కొలది వారములలోనే పదవులు విడిచిపెట్టెను. అయినను ఆ యుద్ధము ముగియునాటికి ఇరువది లక్షలకు పైగా భారతీయులు అందులో పనిచేసియుండిరి. ఆఫ్రికా ఎడారులలోను, ఇటలీ కొండలలోను, బర్మా అడవులలోను వారు పోరాడిరి. వారు తమంతట తాము సైన్యములో చేరినవారే. హిట్లరు దుర్మార్గమును ఎదిరించుట న్యాయమేయని నమ్మినవారును వారిలో లేకపోలేదు. కాని ఈ యుద్ధము మనము చేయవలెనా అను ప్రశ్న వారి ప్రతినిధుల యెదుటికి ఎన్నడును రాలేదు. ఒక్క మనుష్యుడు చెప్పెను. దేశమంతయు యుద్ధములో నుండెను.

ఇట్లు జరుగకుండవలెనని పూర్వమే తలంచి చట్టము వ్రాసికొన్న దేశము అమెరికా. 1787లో ఆ దేశపు పెద్దలు రాజ్యాంగమును వ్రాయునప్పుడు, సైన్యమునకు అధిపతిగా అధ్యక్షుని నిలిపిరి. యుద్ధము ప్రకటించు అధికారమును మాత్రము కాంగ్రెసు అనబడు తమ శాసనసభకు ఉంచిరి. శత్రువు హఠాత్తుగా మీదపడిన యెడల అధ్యక్షుడు వెంటనే ఎదిరింపవచ్చును. దేశమును యుద్ధములోనికి నడిపింపవలెనా అనునది మాత్రము ప్రజల ప్రతినిధులు కూడి, వాదించి, చేతులెత్తి తీర్మానింపవలెను. కత్తి పట్టువాడు ఒకడు, ఒరనుండి దూయుటకు సెలవిచ్చువారు వేరొకరు. మనుష్యుని హృదయము ఎంత మోసకరమైనదో ఎరిగినవారు వ్రాసిన యేర్పాటిది.

తరువాత అధ్యక్షుడైన అబ్రహాము లింకను తన యౌవనమున ఆ కాంగ్రెసులో సభ్యుడుగా నుండెను. 1846లో మెక్సికోతో యుద్ధము వచ్చెను. మెక్సికోవారు మన నేలమీదనే మన రక్తము చిందించిరని అప్పటి అధ్యక్షుడు పోక్ చెప్పగా, రెండు దినములలోనే కాంగ్రెసు యుద్ధము ప్రకటించెను. మరుసటి యేట సభలో అడుగుపెట్టిన లింకను, ఆ రక్తము చిందిన చోటు ఏదో, అది నిజముగా మన నేలయేనో చూపుమని అధ్యక్షుని ప్రశ్నించుచు తీర్మానములు పెట్టెను. జనులు ఆయనను ఎగతాళి చేసిరి. 1848లో ఆయన ఒక స్నేహితునికి ఉత్తరము వ్రాయుచు, రాజులు ప్రజల మేలుకొరకేయని చెప్పి వారిని యుద్ధములలోనికి లాగి దరిద్రులను చేయుచు వచ్చిరనియు, ఏ ఒక్కనికిని ఆ శక్తి ఉండకూడదనియే రాజ్యాంగము వ్రాయబడెననియు తెలిపెను.

ఇంతవరకు సంగతి సులభముగా కనబడుచున్నది. ఒక్కని మాటమీద యుద్ధమునకు పోవుట కీడు. సభను అడిగి పోవుట మేలు. కాని సభను అడిగినంత మాత్రమున చాలునా? ఇచ్చటనే మన ధ్యానభాగము మనలను నిలువబెట్టుచున్నది.

ఇశ్రాయేలు రాజైన అహాబు రామోత్గిలాదుమీదికి దండెత్త గోరెను. అతడు ఎవరినీ అడుగలేదని మనము చెప్పలేము. నాలుగువందల మంది ప్రవక్తలను సమకూర్చి అడిగెను. నాలుగువందల మందియు ఏకముగా వెళ్లుమనిరి. యెహోషాపాతునకు మాత్రము అనుమానము కలిగి, ఇంకొకడు లేడా యని అడిగెను. ఒకడున్నాడు గాని అతడు నాకు అనుకూలముగా పలుకడు, గనుక అతడు నాకు గిట్టడని అహాబు చెప్పెను. మీకాయాను పిలువబోయిన దూత సహితము, అందరును ఒక్కటే చెప్పుచున్నారు, నీవును అట్లే చెప్పుమని దారిలో బుద్ధి చెప్పెను. మీకాయా నిజము చెప్పెను. దానికి ఫలముగా చెంపదెబ్బయు, చెరసాలయు దొరికెను. ఇందులో మనము తరచుగా మరచిపోవు సంగతి ఒకటి కలదు. ఇంకొకడు లేడా యని అడిగిన యెహోషాపాతు, మీకాయా మాట చెవులార విన్న తరువాతను, అహాబుతోకూడ యుద్ధమునకు పోయెను. అడుగుట వేరు, విని నడుచుకొనుట వేరు.

నాలుగువందల నోళ్లు ఒకే నోరుగా మారుట ఆ కాలముతో ఆగలేదు. 1964 ఆగస్టులో వియత్నాము తీరమున టోన్‌కిన్ సింధుశాఖలో అమెరికా యోడలమీద రెండు మారులు దాడి జరిగినదని అధ్యక్షుడు జాన్సను ప్రకటించెను. ఆగస్టు 7వ తేదీన కాంగ్రెసు ఆయనకు అవసరమని తోచిన చర్యలన్నియు తీసికొనుటకు సెలవిచ్చెను. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలురు, ప్రతికూలుడు ఒక్కడును లేడు. సెనేటులో 88 మంది ఔననిరి. వేన్ మోర్సు, ఎర్నెస్టు గ్రూనింగు అను ఇద్దరు మాత్రము కాదనిరి. ఆ రెండవ దాడి అసలు జరుగనే లేదని తరువాత తేలెను. అయితే అప్పటికే యుద్ధము పెరిగిపోయెను. 1968 నాటికి ఐదు లక్షలకు మించిన అమెరికా సైనికులు వియత్నాములో నుండిరి. యుద్ధము ముగియునప్పటికి 58,000 మందికి పైగా అమెరికనులు మరణించిరి. మరణించిన వియత్నాము ప్రజలు అనేక లక్షలు. కాదనిన సెనేటరు లిద్దరును 1968 ఎన్నికలలో తమ స్థానములు పోగొట్టుకొనిరి.

ఇట్టిది మరల జరుగరాదని 1973లో కాంగ్రెసు ఒక చట్టము చేసెను. అధ్యక్షుడు నిక్సను దానిని త్రోసివేసినను, ఉభయ సభలును మూడింట రెండువంతుల ఓటుతో దానిని నిలువబెట్టెను. దాని ప్రకారము అధ్యక్షుడు సైన్యమును పోరాటములోనికి పంపిన 48 గంటలలోగా సభకు తెలుపవలెను. సభ సెలవియ్యని యెడల 60 దినములలో పోరాటము మానవలెను. సైన్యమును క్షేమముగా మరలించుటకు మరి 30 దినములు గడువు. మంచి చట్టమే. కాని చట్టమును తప్పించుకొను మార్గము మాటలలోనే దొరకును. 1950లో కొరియా యుద్ధమునకు ట్రూమను సభ తీర్మానము లేకుండనే సైన్యమును పంపి, దానిని పోలీసు చర్య యని చెప్పుటకు సమ్మతించెను. అందులో ముప్పది వేలకు పైగా అమెరికా సైనికులు మరణించిరి. 2011లో లిబియామీద బాంబులు పడుచుండగా 60 దినములును దాటెను. అప్పుడు ఒబామా ప్రభుత్వము, ఇది చట్టములో చెప్పిన పోరాటము కాదని వాదించెను. పేరు మార్చినంత మాత్రమున చనిపోయినవాడు లేచి వచ్చునా?

ఇక 2001 సంగతి చూతము. ఆ సంవత్సరము సెప్టెంబరు 11న దుర్మార్గులు న్యూయార్కులోను, వాషింగ్టను సమీపమునను విమానములతో దాడిచేసి దాదాపు 3,000 మందిని చంపిరి. దేశమంతయు దుఃఖములోను, కోపములోను నుండెను. మూడు దినములకే, సెప్టెంబరు 14న, సభలు ఒక తీర్మానమును అంగీకరించెను. అందులోని ముఖ్యభాగము ఇంగ్లీషులో కేవలము 60 మాటలు. ఆ దాడి చేసినవారిమీదను, వారికి తోడ్పడినవారిమీదను, ఆశ్రయమిచ్చినవారిమీదను సైన్యబలమును ఉపయోగించుటకు అధ్యక్షునికి సెలవు. వారెవరో నిర్ణయించువాడు అధ్యక్షుడే. దేశము పేరు లేదు, స్థలము లేదు, గడువు లేదు. సెనేటులో 98 మంది ఔననిరి, కాదనినవారు లేరు. ప్రతినిధుల సభలో 420 మంది ఔననగా, ఒక్క స్త్రీ కాదనెను. ఆమె పేరు బార్బరా లీ.

ఆమె సైన్యమును ద్వేషించునది కాదు. ఆమె తండ్రి సైన్యములో అధికారిగా పనిచేసినవాడు. ఎట్లు ఓటు వేయవలెనో తెలియక ఆమె కలతపడుచుండెను. ఆ దినమున వాషింగ్టనులోని పెద్ద దేవాలయములో మృతులకొరకు ఆరాధన జరిగెను. అచ్చట ఒక దైవసేవకుడు ప్రార్థనచేయుచు, మేము కార్యము చేయునప్పుడు మేము అసహ్యించుకొను కీడువలె మేమే మారకుండునట్లు కాపాడుమని దేవుని వేడుకొనెను. ఆ మాట ఆమె హృదయమునకు తగిలెను. సభలో ఆమె ఆ ప్రార్థనను జ్ఞాపకము చేసి, కొంచెము ఆగుదము, ఆలోచించుదమని బ్రతిమాలెను. తరువాత ఆమెను చంపుదుమని బెదిరింపులు రాగా, పోలీసు కాపుదల అవసరమాయెను. ఆ 60 మాటలు అఫ్గానిస్థానముతో ఆగలేదు. ఆ దాడి జరిగిన నాటికి పుట్టనైనలేని దళములమీద, అఫ్గానిస్థానమునకు బహుదూరమైన దేశములలో, ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అధ్యక్షులు ఆ మాటలనే ఆధారముగా చూపిరి. సెలవిచ్చిన సభ్యులలో అనేకులు పదవులు విడిచిరి, కొందరు మరణించిరి. వారిచ్చిన సెలవు మాత్రము ఇరువది యేండ్లకు మించి జీవించెను.

ఒంటరిగా కాదనువారందరును మీకాయాలే యని మేము చెప్పుట లేదు. ఆ సభలో మొట్టమొదటి స్త్రీ సభ్యురాలైన జానెట్ రాంకిను 1917లో యాబది మందిలో ఒకతెగా యుద్ధమునకు కాదనెను. 1941లో జపాను దాడిచేసిన మరునాడు 388 మంది ఔననగా, ఆమె ఒక్కతెయే కాదనెను. కోపించిన జనులనుండి తప్పించుకొని టెలిఫోను గదిలో దాగవలసివచ్చెను. ఆమె తరువాత గాంధీజీ మార్గమును తెలిసికొనుటకు పలుమారులు మన దేశమునకు వచ్చెను. 1941లో ఆమె చేసినది సరియేనా యని అడిగిన యెడల, భక్తులైన క్రైస్తవులలోనే భేదాభిప్రాయములు కలవు. యుద్ధమెన్నడును తగదని నమ్మువారున్నారు; నిరపరాధులను కాపాడుటకు అధికారి ఖడ్గము ధరించుట దేవుని చిత్తమేయని నమ్మువారున్నారు. కాని అందరును ఒప్పుకొనదగినది ఒకటి కలదు. కాదను ఒక్క స్వరమును సహింపలేని సభ ఆలోచన సభ కాదు; అది అహాబు కొలువే.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. రాజు తప్పుచేయును, సభయు తప్పుచేయును. అట్లయిన సభను అడిగి ప్రయోజనమేమి? శత్రువు తలుపు తట్టుచుండగా వాదములతో కాలము గడుపుట అపాయము కాదా? ఇందులో కొంత నిజమున్నది. తీర్మానము యుద్ధమును న్యాయమైనదిగా చేయదు. ఇంటిమీద పడిన దొంగను ఎదిరించుటకు ఎవడును పంచాయితీ పిలువడు. కాని పొరుగూరిమీదికి కర్రలు పట్టుకొని పోవువాడు పెద్దలను అడుగకపోయిన యెడల, ఆ యూరికి క్షేమముండదు. పరదేశములో చేయు యుద్ధములలో ఎక్కువభాగము రెండవ విధమైనవి. వాటికి యోచించుటకు కాలముండును. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో సహితము, దూరపు పట్టణముమీదికి పోవునప్పుడు ముందుగా సమాధానము ప్రకటింపవలెనని విధియున్నది. క్రొత్త యిల్లు కట్టుకొన్నవానిని, పెండ్లి నిశ్చయమైనవానిని, గుండె జారినవానిని ఇంటికి పంపవలెనని యున్నది. మన ప్రభువు కూడ, యుద్ధమునకు పోవు రాజు ముందుగా కూర్చుండి తన బలమును లెక్క చూచుకొనడా యని అడిగెను. కూర్చుండుట, లెక్క చూచుట: సభకు దేవుడు ఉంచిన పని అదియే.

ఇట్లు లెక్క చూచు ఏర్పాటు లోకములో లేకపోలేదు. రెండు యుద్ధముల పాపమును మోసిన జర్మనీ దేశములో, సాయుధ సైన్యమును పరదేశమునకు పంపుటకు పార్లమెంటు సమ్మతి కావలెనని 1994లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2005లో దానికొక చట్టము వచ్చెను. ఏ పనికి, ఏ ప్రదేశమునకు, ఎందరిని మించకుండ, ఎంత కాలము, ఎంత ఖర్చుతో పంపుచున్నారో ప్రభుత్వము ముందుగా వ్రాసి సభ యెదుట పెట్టవలెను. గడువు తీరగానే మరల అడుగవలెను. ఆ 60 మాటలలో లేనివన్నియు ఇందులో నున్నవి. బ్రిటనులో ఇట్టి చట్టము లేకపోయినను, 2013 ఆగస్టు 29న సిరియా విషయమై పార్లమెంటులో 285 మంది కాదని, 272 మంది ఔనని ఓటు వేయగా, ప్రధానమంత్రి కామెరాను సభ మాటకు లోబడి ఆగెను.

మరి మన దేశమో? మన రాజ్యాంగము రక్షణబలముల సర్వాధిపత్యమును రాష్ట్రపతికిచ్చి, దానిని చట్టము ప్రకారము నడుపవలెనని చెప్పుచున్నది. యుద్ధమును, సమాధానమును గూర్చిన చట్టములు చేయు అధికారము పార్లమెంటుకున్నది. కాని సైన్యమును పరదేశమునకు పంపుటకు ముందు పార్లమెంటు ఓటు కావలెనను నియమము లేదు. మంత్రివర్గమే నిర్ణయించును. 1987 జూలైలో శ్రీలంకతో ఒప్పందము జరిగినప్పుడు మన శాంతి సేన అట్లే పోయెను. సమాధానము నిలుపబోయినవారు కొలది నెలలలోనే యుద్ధములో చిక్కుకొనిరి. 1990 మార్చిలో తిరిగి వచ్చులోగా వెయ్యిమందికి పైగా మన సైనికులు అచ్చట ప్రాణములు విడిచిరి. 2003లో వేరొక విధముగా జరిగెను. ఇరాకు యుద్ధమును నిందించుచు ఏప్రిలులో లోకసభ ఏకగ్రీవముగా తీర్మానించెను. తరువాత అమెరికా మన సైన్యమును ఇరాకునకు పంపుమని కోరగా, జూలైలో ప్రభుత్వము పంపమని తెలిపెను. చట్టము కోరకపోయినను, సభ మాట్లాడిన మాట తేలిగ్గా త్రోసివేయదగినది కాదని దీనివలన నేర్చుకొనవచ్చును.

చేయెత్తినవాడు తప్పుచేసినప్పుడు ఏమి చేయవలెను? 1964 తీర్మానమును సెనేటులో ముందుండి నడిపించినవాడు ఫుల్‌బ్రైటు. తాను మోసపోయితినని తెలిసికొని, 1966లో ఆయనే బహిరంగ విచారణ జరిపి ఆ యుద్ధమును ప్రశ్నించెను. 2002లో ఇరాకు యుద్ధమునకు ఔనని ఓటు వేసిన వాల్టరు జోన్సు, మరుసటి యేట ఒక సైనికుని సమాధి కార్యక్రమమునకు పోయి, అచ్చట కుటుంబపు దుఃఖమును చూచి మనస్సు మార్చుకొనెను. అది మొదలుకొని 2019లో మరణించువరకు, చనిపోయిన సైనికుల కుటుంబములకు వేలకొలది ఉత్తరములపై సంతకముచేసి పంపెను. తన ఓటు తప్పని అందరియెదుట ఒప్పుకొనెను. ఆ ఉత్తరములు మృతులను లేపలేదు. అయినను పశ్చాత్తాపమునకు తగిన ఫలము ఎట్లుండునో అవి చూపుచున్నవి.

పిలాతు నీళ్లు తెప్పించుకొని చేతులు కడుగుకొనెను. అధికారము తనదే, బాధ్యత మాత్రము జనులమీద వేసెను. సభ్యుడు అధ్యక్షునిమీదను, అధ్యక్షుడు సభమీదను, ఓటరు ఇద్దరిమీదను నెపము వేయునప్పుడు అందరును ఆ పళ్లెము చుట్టునే నిలుచుచున్నారు. ధర్మశాస్త్రములో మరియొక చేతులు కడుగుకొనుట కలదు. పొలములో చంపబడినవాడు పడియుండి, చంపినవాడెవడో తెలియనప్పుడు, ఏ ఊరు దగ్గరయో పెద్దలు కొలిచి చూడవలెను. ఆ యూరి పెద్దలు వచ్చి, చేతులు కడుగుకొని, క్షమాపణకై వేడుకొనవలెను. వారు చంపలేదు. అయినను మాకు సంబంధము లేదని చెప్పి తప్పించుకొనలేదు. దూరమును కొలిచి దగ్గరకు వచ్చిరి. మనమును అట్లే కొలువవలసినవారము.

ఎన్నికల కాలమున అభ్యర్థులు మన వీధులకు వచ్చెదరు. మనము రోడ్డు అడుగుదుము, మంచినీరు అడుగుదుము, శ్మశానమునకు స్థలము అడుగుదుము. అవి అడుగవలసినవే. వాటితోకూడ ఇది యొకటి అడుగుడి: మా బిడ్డలను పరదేశమునకు యుద్ధమునకు పంపవలసివచ్చిన దినమున, నీవు సభలో లేచి, ఎవరిమీదికి, ఏ కారణముచేత, ఎంత కాలమని అడుగుదువా? మేము ఏ పార్టీ పక్షముగాను ఈ మాట చెప్పుట లేదు. ఈ మాసములో స్త్రీల కూటములలోను, యౌవనుల కూటములలోను మొదటి రాజుల గ్రంథము 22వ అధ్యాయమును చదివి, ఆ నాలుగువందల మందిలో మనముండియుంటే ఏమి పలికియుందుమో నిజాయితీగా మాటలాడుకొనుడి. పటాలములో నున్న బిడ్డలకొరకు ప్రార్థించునప్పుడు, వారిని పంపు అధికారముగలవారి పేరులును ఆ ప్రార్థనలో చేర్చుడి.